ధ్వని టోపాలజీ ప్రయోగానికి ఏ నిర్మాణం ఎంచుకోవాలి?

ఆవర్తన నిర్మాణాల్లో ధ్వనికి సంబంధించిన టోపలాజికల్ స్థితుల మీద, అంటే నిర్మాణంలో చిన్న మార్పులు వచ్చినా చెరగకుండా దాని అంచుల్లోనో మూలల్లోనో నిలిచే ధ్వని స్థితుల మీద, పని మొదలుపెట్టాలనుకునే వారికి, అది ఎమ్మెస్సీ ప్రాజెక్టు అయినా పీహెచ్‌డీ తొలి ఏడాది అయినా, మొదట ఎదురయ్యే చిక్కు ఎంపికే. గొట్టాల గొలుసు, గాలి ప్రవాహంతో పనిచేసే జాలకం, నకిలీ స్పిన్ నిర్మాణం, వ్యాలీ నిర్మాణం, మూల స్థితుల (మూలల్లో బందీ అయ్యే ధ్వని) నిర్మాణం, త్రిమితీయ వైల్ నిర్మాణం అంటూ అరడజను మార్గాలు కనిపిస్తాయి. ప్రతి పరిశోధన పత్రమూ తన నిర్మాణం లోపాలను తట్టుకుంటుందనే చెబుతుంది. అయితే ఏ రకం లోపాలను, ఎంతవరకు, దేని బలంతో తట్టుకుంటుందన్న సంగతి ఒక్కొక్క మార్గంలో ఒక్కొక్క రకంగా ఉంటుంది. ఈ తేడా పట్టించుకోకుండా, తాజాగా వెలువడినదన్న ఒక్క కారణంతో మార్గాన్ని ఎంచుకున్నవారు కొలతల దశకు వచ్చాక ఇబ్బంది పడతారు.

## ముందు తేల్చుకోవలసిన ప్రమాణాలు

గాలిలో ధ్వని అంటే పీడనంలో వచ్చే హెచ్చుతగ్గుల అనుదైర్ఘ్య తరంగం. దానికి ఎలక్ట్రాన్‌కు ఉన్నట్టు స్పిన్ లేదు, ఆవేశం లేదు కనుక అయస్కాంత క్షేత్రానికి అది లొంగదు. 1980లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ క్వాంటమ్ హాల్ ప్రభావాన్ని (ఎలక్ట్రాన్లు అంచు వెంట ఒకే దిశలో సాగే స్థితిని) కనుగొన్నది బలమైన అయస్కాంత క్షేత్రంలోనే. నికర క్షేత్రం లేకపోయినా కాల విపర్యయ సౌష్ఠవం (కాలాన్ని వెనక్కి తిప్పినా తరంగాల నడక మారకపోవడం) భంగమైతే చాలునని 1988లో డంకన్ హాల్డేన్ చూపించాడు. ఈ రంగానికి వేసిన పునాదులకే 2016లో థౌలెస్, హాల్డేన్, కోస్టర్‌లిట్జ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ధ్వని విషయంలో ఆ సౌష్ఠవాన్ని నిజంగా భంగపరచాలంటే, మాధ్యమాన్నే కదిలించడం అందుకు తెలిసిన మార్గాల్లో అన్నిటికన్నా సూటి అయినది. అది వద్దనుకుంటే స్ఫటికపు జ్యామితి మీద, అంటే కడ్డీల అమరిక, ఆకారం, అవి తిరిగి ఉన్న కోణం మీద ఆధారపడాలి. అలా జ్యామితి ఇచ్చే రక్షణ ఆ జ్యామితిలోని సౌష్ఠవం నిలిచినంత వరకే నిలుస్తుంది.

కాబట్టి మొదటి ప్రమాణం రక్షణకు ఆధారమేమిటన్నది. రెండోది, మనకు కావలసింది నిజమైన ఏకదిశా ప్రసారమా, లేక మలుపుల దగ్గర ధ్వని వెనక్కి మళ్లకుండా సాగితే చాలా అన్నది. మూడోది తయారీ: ఎన్ని యూనిట్ కణాలు (జాలకంలో పదేపదే వచ్చే ముక్కలు) కావాలి, ఎంత కచ్చితత్వం కావాలి, కదిలే భాగాలున్నాయా. నాలుగోదాన్ని చాలామంది మరచిపోతారు, అది శక్తి నష్టం. టోపాలజీ ధ్వని చెదరకుండా కాపాడగలదు గాని, గోడల దగ్గర స్నిగ్ధత వల్ల, ఉష్ణ వాహకత వల్ల అది హరించుకుపోకుండా కాపాడలేదు. 5,000 హెర్ట్జ్ దగ్గర గాలిలో స్నిగ్ధ సరిహద్దు పొర మందం సుమారు 0.03 మిల్లీమీటర్లు. నాలుగైదు మిల్లీమీటర్ల దారిలో ఇది లెక్కలోకి రాదు గాని, ఒక మిల్లీమీటరు రంధ్రంలో రెండు గోడల పొరలూ కలిసి దారిలో చెప్పుకోదగ్గ భాగాన్ని ఆక్రమిస్తాయి. గణన యంత్రంలో నష్టం లేకుండా గీసిన అందమైన అంచు స్థితి మైక్రోఫోన్ ముందు కనిపించకుండా పోవడానికి తరచు ఇదే కారణం.

గోడల పదార్థం గురించి అంత బెంగ అక్కరలేదు. గాలి ధ్వని అవరోధం సుమారు 413 ఎస్ఐ యూనిట్లు. ఉక్కుది దానికి లక్ష రెట్లకు పైనే, 3డీ ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్‌లది వేల రెట్లు. అందువల్ల గోడ కొన్ని మిల్లీమీటర్ల మందంగా, లోపల బోలు లేకుండా ఉంటే గాలిలో ధ్వనికి అది కదలని గోడే. నీటి అడుగున పని చేయాలనుకునేవారికి మాత్రం ఈ వెసులుబాటు లేదు: నీటికీ ఉక్కుకూ మధ్య తేడా ముప్ఫై రెట్ల దరిదాపుల్లోనే ఉంటుంది కనుక ఘనంలోని కోత తరంగాలను కూడా లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది.

## ఒకే చూపులో

| మార్గం | రక్షణకు ఆధారం | నిజమైన ఏకదిశా ప్రసారం | తయారీ కష్టం |
|---|---|---|---|
| గొట్టాలు లేదా కుహరాల గొలుసు | విలోమ (తలకిందులు చేసినా అదే అమరిక) లేదా ఉపజాలక (ఒకటి విడిచి ఒకటిగా ఉండే రెండు గుంపుల) సౌష్ఠవం | ప్రసారమే లేదు, బందీ స్థితి | తక్కువ |
| గాలి ప్రవాహపు జాలకం | కాల విపర్యయ భంగం, చెర్న్ సంఖ్య (టోపాలజీని చెప్పే పూర్ణ సంఖ్య) | ఉంది | చాలా ఎక్కువ |
| నకిలీ స్పిన్ | ఆరు మడతల భ్రమణ సౌష్ఠవం (60 డిగ్రీలు తిప్పినా మారకపోవడం) | లేదు | మధ్యస్థం |
| వ్యాలీ | రెండు వ్యాలీల మధ్య దూరం | లేదు | మధ్యస్థం కంటే తక్కువ |
| మూల స్థితులు | స్ఫటిక సౌష్ఠవాలు | ప్రసారం లేదు, బందీ స్థితి | మధ్యస్థం |
| వైల్ నిర్మాణం | త్రిమితీయ బ్యాండ్ల (ధ్వని సాగగల పౌనఃపున్య శ్రేణుల) కలయిక బిందువులు | లేదు | ఎక్కువ |

పట్టికలో ఏకదిశా ప్రసారపు నిలువు వరుసలో "ఉంది" అన్న మాట ఒక్కచోటే ఉందని గమనించాలి. వ్యాలీ, నకిలీ స్పిన్ నిర్మాణాల గురించి రాసేటప్పుడు "ఏకదిశా" అన్న మాటను ధారాళంగా వాడుతుంటారు. వాటిలో కుడివైపు వెళ్లే స్థితి ఉన్నప్పుడు ఎడమవైపు వెళ్లే దాని జంట కూడా అదే పౌనఃపున్యం దగ్గర తప్పక ఉంటుంది. మామూలు స్పీకరు ఒకటి ఆ సరిహద్దు మీద పెడితే రెండు వైపులకూ ధ్వని పోతుంది. ఒకే వైపుకు పంపాలంటే ఫేజ్ తేడాతో నడిచే స్పీకర్ల సమూహం కావాలి.

## గొలుసు: చిన్నదే గాని చులకన కాదు

1979లో సూ, ష్రీఫర్, హీగర్ పాలీఎసిటిలీన్ అణువు కోసం రాసిన నమూనా ధ్వనికి సరిగ్గా సరిపోతుంది. బలమైన బంధం, బలహీనమైన బంధం ఒకదాని తరవాత ఒకటిగా వచ్చే గొలుసు, బలహీన బంధంతో మొదలైతే దాని చివర ఒక బందీ స్థితి పుడుతుంది. 2015లో హాంకాంగ్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయ బృందం వెడల్పు మారుతూ ఉండే గొట్టంలో బ్యాండ్ల తలకిందులు కావడాన్ని, జాక్ ఫేజ్‌ను (బ్యాండ్ టోపాలజీని చెప్పే కొలతను), రెండు భిన్న గొలుసులు కలిసే చోట పుట్టే స్థితిని ప్రయోగంలో చూపింది.

నేను కొత్తవారికి సిఫారసు చేసేది మాత్రం గొట్టం కాదు, అనునాద కుహరాల గొలుసు. ఒక కుహరం ఎత్తు 80 మిల్లీమీటర్లనుకుందాం. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు కనుక, ఎత్తు వెంబడి మొదటి అనునాదం సుమారు 2,140 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఆ అనునాదంలో పీడనం పైనా కిందా గరిష్ఠంగా, నడుమ సున్నాగా ఉంటుంది. కాబట్టి పక్క కుహరంతో కలిపే సన్న గొట్టాన్ని చివర దగ్గర పెడితే బంధం బలంగా ఉంటుంది, నడుముకు దగ్గరగా జరిపితే బలహీనపడుతుంది, సరిగ్గా నడుమ పెడితే దాదాపు లేనట్టే. ఒకే కొలత గొట్టాలతో, వాటి స్థానం మాత్రమే మార్చి, రెండు రకాల బంధాలనూ పొందవచ్చు. ఒక కుహరం పై చివరను పక్కదాని కింది చివరతో కలిపితే బంధం గుర్తే తారుమారవుతుంది. ఎలక్ట్రాన్ల పదార్థాల్లో అంత సులభంగా దొరకని ఈ రుణ బంధం ఇక్కడ ఒక ఏటవాలు గొట్టంతో వచ్చేస్తుంది.

కొలతలో చూడవలసింది చివరి కుహరంలో వచ్చే శిఖరాన్ని ఒక్కదాన్నే కాదు. బంధాల నిష్పత్తి 1:2 అయితే ప్రతి యూనిట్ కణానికీ పీడనం సగమవుతుంది, అంటే 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. దానితోపాటు ఒకటి విడిచి ఒకటిగా కుహరాలు దాదాపు నిశ్శబ్దంగా ఉంటాయి: మొదటిది మోగుతుంది, రెండోది మోగదు, మూడోది సగం బలంతో మోగుతుంది. ఎక్కడో ఒక కుహరం కొలత తప్పడం వల్ల పుట్టిన మామూలు లోప స్థితికి ఈ నమూనా ఉండదు కనుక, నిజమైన అంచు స్థితిని వేరుచేసి గుర్తించడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

దీనిలో ఒక ఇబ్బంది ఉంది. కలిపే గొట్టం ప్రతి ఒక్కటీ కుహరపు అనునాదాన్ని కొంచెం జరుపుతుంది. లోపలి కుహరాలకు రెండు గొట్టాలుంటే చివరి కుహరానికి ఒకటే ఉంటుంది కనుక, ఆ చివరి దాని పౌనఃపున్యం మిగిలినవాటితో కలవదు. అంచు స్థితి బ్యాండ్ గ్యాప్ (రెండు బ్యాండ్ల మధ్య ధ్వని సాగని శ్రేణి) నడుమ ఉండవలసింది ఒక పక్కకు జరుగుతుంది, గ్యాప్ ఇరుకుగా ఉంటే బ్యాండ్‌లో కలిసిపోతుంది కూడా. ఉపజాలక సౌష్ఠవం కాగితం మీద ఉన్నంత శుభ్రంగా గాలిలో ఉండదన్న మాట. చివరి కుహరం ఎత్తును లెక్క ప్రకారం కొద్దిగా సవరిస్తే సరిపోతుంది.

## గాలి ప్రవాహం: అసలైన ఏకదిశా ప్రసారం, అసలైన ఖర్చు

2014లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ బృందం ఒక ఉంగరపు కుహరంలో మూడు చిన్న ఫ్యాన్లు పెట్టి గాలిని తిప్పింది. దానికి మూడు ద్వారాలు; ఒక ద్వారం నుంచి వచ్చిన ధ్వని రెండోదానికి పోతుంది గాని మూడోదానికి దాదాపు పోదు, తేడా 40 డెసిబెల్‌ల వరకు వచ్చింది. ఇలాంటి ప్రవాహాన్ని జాలకం నిండా పెడితే ధ్వనికి చెర్న్ ఇన్సులేటరు (లోపల ధ్వని సాగక, అంచు వెంట ఒకే దిశలో సాగే నిర్మాణం) తయారవుతుందని 2015లో పలు బృందాలు సైద్ధాంతికంగా ప్రతిపాదించాయి. ప్రతిపాదనకూ ప్రయోగానికీ మధ్య కొన్నేళ్లు పట్టింది. 2019లో గాని చెర్న్ ఇన్సులేటరు ప్రయోగం వెలువడలేదు. ఎందుకంత ఆలస్యమైందో చిన్న లెక్కతో తెలుస్తుంది.

ఉంగరంలో గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో తిరుగుతుందనుకుందాం. అది ధ్వని వేగంలో ఒకటిన్నర శాతం. గాలితో పాటు తిరిగే స్థితికీ ఎదురు తిరిగే స్థితికీ మధ్య పౌనఃపున్యపు తేడా దానికి రెట్టింపు, అంటే 3 శాతం. ఈ తేడా కనిపించాలంటే అనునాద శిఖరం అంతకన్నా సన్నగా ఉండాలి, అంటే క్యూ విలువ (శిఖరం ఎంత సన్నగా ఉందో చెప్పే సంఖ్య) 35కు మించాలి. గాలి వేగం పెంచితే సుడులు పుడతాయి, ఫ్యాన్ల చప్పుడు కొలవవలసిన ధ్వనిలో కలుస్తుంది. పైగా డజన్ల కొద్దీ ఉంగరాల్లో వేగం ఒకేలా ఉండాలి. ఒక ఫ్యాను కొంచెం మందగిస్తే ఆ ఉంగరం జాలకంలో లోపంగా మారుతుంది. చెర్న్ రక్షణ ఇలాంటి లోపాన్ని తట్టుకుంటుందన్నది నిజమే గాని, అది బ్యాండ్ గ్యాప్ మూసుకుపోనంత వరకే, ఇక్కడ గ్యాప్ మొదటే ఇరుకు.

మంచి వర్క్‌షాప్, రెండు మూడేళ్ల సమయం, ప్రవాహ గతి శాస్త్రం తెలిసిన తోడు ఉన్నవారు మాత్రమే జాలకానికి దిగడం మేలు. ఏకదిశా ప్రసారాన్ని ఒక పరికరంలో చూపితే చాలనుకునేవారికి ఒక్క ఉంగరం సరిపోతుంది. అందులో టోపాలజీ అనేదేమీ ఉండదు, అయినా ఫలితం స్పష్టంగా వినిపిస్తుంది.

## నకిలీ స్పిన్, వ్యాలీ: అసలు పోటీ వీటి మధ్యే

చాలామంది నిజంగా ఊగిసలాడేది ఈ రెంటి మధ్యనే. రెంటికీ రెండు పలకల మధ్య నిలబెట్టిన కడ్డీలే కావాలి. రెంటిలోనూ కదిలే భాగాలు లేవు.

నకిలీ స్పిన్ మార్గంలో ఒక యూనిట్ కణంలోని రెండు జంట స్థితులను, ఆకారంలో పీ, డీ ఆర్బిటాళ్లను పోలిన వాటిని, కలిపి ఎలక్ట్రాన్ స్పిన్‌లాంటిదాన్ని కల్పిస్తారు. 2016లో నాన్‌జింగ్ విశ్వవిద్యాలయ బృందం తేనెపట్టు అమరికలో నిలిపిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో దీన్ని చూపింది. కడ్డీల లావు మార్చితే బ్యాండ్లు తలకిందులవుతాయి. నాలుగు స్థితులు ఒకచోట కలిసే బిందువు ఆ పద్ధతిలో ఒక ప్రత్యేకమైన లావు దగ్గర యాదృచ్ఛికంగా దొరుకుతుంది. ఆరు కడ్డీల గుంపును దగ్గరకు జరపడం, దూరం జరపడం అనే మరో పద్ధతిలో ఆ బిందువు అమరిక వల్లనే వస్తుంది కనుక, కొత్తవారికి ఆ రెండోది నయం.

దీని బలహీనత సరిహద్దులోనే ఉంది. నకిలీ స్పిన్‌ను నిలబెట్టేది ఆరు మడతల భ్రమణ సౌష్ఠవం. రెండు స్ఫటికాలు కలిసే సరిహద్దులో ఆ సౌష్ఠవం ఉండదు. అందువల్ల అంచు స్థితుల గీతలు ఒకదానినొకటి దాటవలసిన చోట చిన్న ఖాళీ మిగిలిపోతుంది. రెండు నకిలీ స్పిన్‌లూ అక్కడ కొంత కలిసిపోతాయి, వెనక్కి పరావర్తనం ఎంతో కొంత ఉంటుంది. నిజమైన స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లకు దొరికే రక్షణ దీనికి ఉందని అనుకోవడం తప్పు.

వ్యాలీ మార్గంలో త్రిభుజాకార కడ్డీలను త్రిభుజ జాలకంలో నిలబెడతారు. ఒక ప్రత్యేకమైన కోణంలో జాలకపు విలోమ ప్రదేశం (తరంగాల దిశ, తరంగ దైర్ఘ్యాల పటం) మూలల్లో, కె బిందువుల దగ్గర, రెండు బ్యాండ్లు తాకుతాయి; ఆ బిందువుల పరిసరాలనే వ్యాలీలంటారు. కడ్డీలను కుడికి తిప్పితే గ్యాప్ తెరుచుకుంటుంది, ఎడమకు తిప్పినా తెరుచుకుంటుంది, అయితే రెండూ టోపాలజీలో ఎదురెదురు గుర్తులవి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టిన సరిహద్దు వెంట ధ్వని ప్రయాణిస్తుంది. వుహాన్ విశ్వవిద్యాలయ బృందం చేసిన ఈ ప్రయోగం 2016 చివర్లో వెలువడింది. మలుపుల దగ్గర ధ్వని దాదాపు తగ్గకుండా సాగింది.

కొలతలు వేసుకోవడం సులభం. జాలక దూరం 3 సెంటీమీటర్లయితే, కడ్డీలు లేవనుకున్నప్పుడు కె బిందువు పౌనఃపున్యం ధ్వని వేగానికి రెట్టింపును జాలక దూరానికి మూడింతలతో భాగిస్తే వస్తుంది, అంటే సుమారు 7,600 హెర్ట్జ్. కడ్డీలు నిలిపాక అది కొంత దిగుతుంది. పలకల మధ్య ఎడం సగం తరంగ దైర్ఘ్యం కన్నా తక్కువ ఉండాలి కనుక, ఇక్కడ 20 మిల్లీమీటర్లు మంచి హద్దు. కింది పలకలో చీలలు పెట్టి కడ్డీలను తిప్పుకునేలా చేస్తే ఒకే నమూనాలో సరిహద్దును నేరుగానో, వంకరగానో, మూడు దారులు కలిసేలాగానో మార్చుకోవచ్చు. కోణంలో ఒక డిగ్రీ తేడా వస్తే గ్యాప్ వెడల్పు కాస్త మారుతుంది గాని గుర్తు మారదు. తయారీ లోపాలను తట్టుకోవడమంటే ఏమిటో చేత్తో తిప్పి చూపగల మార్గం నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

అయితే దీనికీ షరతులున్నాయి. సరిహద్దు జిగ్‌జాగ్ దిశలోనే, అంటే పక్కపక్క కడ్డీల వరుస వెంటే, ఉండాలి. 60, 120 డిగ్రీల మలుపులు ఆ దిశను నిలుపుతాయి. సరిహద్దును అడ్డంగా, ఆర్మ్‌చెయిర్ దిశలో వేస్తే రెండు వ్యాలీలూ ఒకే చోట పడి కలిసిపోతాయి. ఒక కడ్డీ లేకపోవడంలాంటి, జాలక దూరమంత చిన్నదైన పదునైన లోపం కూడా ధ్వనిని ఒక వ్యాలీ నుంచి మరో వ్యాలీకి నెట్టగలదు. స్ఫటికాన్ని మామూలు గట్టి గోడకు ఆనిస్తే అంచు స్థితి వస్తుందన్న హామీ లేదు. ఎదురు గుర్తు గల మరో స్ఫటికం పక్కన ఉండవలసిందే.

ఈ రెంటిలో నా ఓటు వ్యాలీకే. నకిలీ స్పిన్ ఎంచుకోవలసిన సందర్భం ఒకటుంది: సరిహద్దు ఏ దిశలో వేయాలో మన చేతిలో లేనప్పుడు, లేదా నాలుగు స్థితుల బిందువు దగ్గరి భౌతిక శాస్త్రమే అధ్యయన విషయమైనప్పుడు.

## మూల స్థితులు, వైల్ బిందువులు

2019లో సింగపూర్, న్యూయార్క్ బృందాలు వేర్వేరుగా కగోమె జాలకంలో (త్రిభుజాలు మూలల దగ్గర కలిసే అమరికలో) మూలల వద్ద బందీ అయ్యే ధ్వనిని చూపించాయి. కుహరాల గొలుసు చేసినవారికి ఇది సహజమైన రెండో అడుగు: అవే కుహరాలు, అవే గొట్టాలు, ఒక మితి ఎక్కువ. ధ్వని శక్తిని ఒక బిందువు దగ్గర కూడబెట్టాలనుకునేవారికి ఇది పనికొస్తుంది. మూల స్థితి ఎంత గట్టిదన్న దాని మీద మాత్రం సిద్ధాంతకారుల్లో వాదాలున్నాయి కనుక, కొలతలో శిఖరం కనిపించగానే పెద్ద మాటలు రాయకపోవడం మంచిది.

వైల్ నిర్మాణాలకు (మూడు మితుల్లో రెండు బ్యాండ్లు ఒక బిందువు దగ్గర తాకేవాటికి) పొరలు పొరలుగా ముద్రించిన త్రిమితీయ స్ఫటికం కావాలి, ఉపరితలం మొత్తం మైక్రోఫోన్‌తో స్కాన్ చేసి ఫూరియే మార్పిడి చేయాలి. 2018లో ఫెర్మీ చాపాలను (ఉపరితల స్థితుల తెగిన గీతలను), ఉపరితల తరంగాల రుణ వక్రీభవనాన్ని ఇలాగే చూశారు. స్వయంచాలక స్కానింగ్ బల్ల లేని చోట దీన్ని తలపెట్టకూడదు.

## ఏది ఎంచుకున్నా

ఎండాకాలంలో, ఏసీ లేని గదిలో గాలి 35 డిగ్రీలకు చేరితే ధ్వని వేగం 352 మీటర్లవుతుంది. 20 డిగ్రీల దగ్గర వేసిన లెక్కతో పోలిస్తే ప్రతి పౌనఃపున్యం రెండున్నర శాతం పైకి జరుగుతుంది. 5,000 హెర్ట్జ్ దగ్గర అది 125 హెర్ట్జ్. గ్యాప్ 300 హెర్ట్జ్ ఉన్న నమూనాలో ఇది చిన్న సంగతి కాదు. ప్రతి కొలతతోపాటు ఉష్ణోగ్రతను రాసుకోవాలి.

రెండో సంగతి పోలిక నమూనా. మలుపు దాటి ధ్వని వచ్చిందని చూపితే అది టోపాలజీ ఘనతేనని తేలదు. మామూలు దారి కూడా కొన్ని పౌనఃపున్యాల దగ్గర మలుపులో బాగానే పంపుతుంది. అదే మలుపు, అదే పొడవు, అదే పౌనఃపున్య శ్రేణిలో సాధారణ దారి ఒకటి చేసి రెండు గ్రాఫులనూ ఒకే కాగితం మీద పెట్టినప్పుడే పోలికకు విలువ ఉంటుంది. నష్టాలు రెంటిలోనూ ఉంటాయి కనుక అవి కూడా అక్కడే తేలిపోతాయి.

## ఎవరికి ఏది

ఒక సెమిస్టరు, ఒక స్పీకరు, ఒక మైక్రోఫోన్ ఉన్న ఎమ్మెస్సీ విద్యార్థి ఎనిమిది నుంచి పన్నెండు కుహరాల గొలుసు చేయాలి. గణన వరకే పరిమితమయ్యే వారికీ ఇదే మొదలు. చిన్న మాత్రికను పైథాన్‌లో వికర్ణీకరించి, అదే నిర్మాణాన్ని కామ్‌సోల్‌లాంటి సాఫ్ట్‌వేర్‌లో లెక్కగట్టి రెండూ ఎక్కడ విడిపోతాయో చూడవచ్చు. లేజర్ కటింగ్ అందుబాటులో ఉన్న పీహెచ్‌డీ విద్యార్థికి వ్యాలీ నిర్మాణం తగినది: ఇరువైపులా నాలుగైదు వరుసలుండేలా వంద పైచిలుకు కడ్డీలతో మొదలుపెట్టవచ్చు. స్థిరపడిన ప్రయోగశాలకు, ప్రత్యేకించి అన్యోన్యత లేని (రెండు దిశల్లో ధ్వనిని ఒకేలా పంపని) పరికరాల మీద ఆసక్తి ఉన్నవారికి, గాలి ప్రవాహపు మార్గంలో ఇంకా చేయవలసినది చాలా ఉంది.

ఇంజనీరు సంగతి వేరు. జనరేటరు గది నుంచి వచ్చే చప్పుడును ఆపడమే లక్ష్యమైతే పైన చెప్పిన మార్గాల్లో ఏదీ అక్కరలేదు. మామూలు ధ్వని స్ఫటికపు బ్యాండ్ గ్యాప్, లేదా హెల్మ్‌హోల్ట్జ్ అనునాదకాల (సన్న మెడ గల బోలు పాత్రల) వరుస ఆ పని తక్కువ ఖర్చులో చేస్తుంది. ధ్వనిని ఇరుకు దారుల్లో, మలుపులు తిప్పి, ఒక సెన్సరు దగ్గరకు చేర్చవలసి వచ్చినప్పుడు వ్యాలీ నిర్మాణాన్ని, ఒక బిందువు దగ్గర పీడనాన్ని పెంచవలసి వచ్చినప్పుడు గొలుసు చివరి స్థితిని పరిశీలించాలి. ఆ రెండు అవసరాల్లోనూ ముందుగా గొట్టాల్లోని నష్టాన్ని లెక్కగట్టి, గ్యాప్ వెడల్పు అనునాద శిఖరపు వెడల్పుకు కనీసం ఐదారు రెట్లు ఉందని తేలాకే నమూనా ముద్రణకు పంపాలి.